అప్ప చూసిన రాయి

ఉద్దానం తీరంలో సముద్రం అడుగున ఏముందో కళ్ళతో చూసినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. అల విరిగే చోట ఇసక ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే మన పాదాలు మనకే కనిపించవు. తరతరాలుగా ఆ నీటి మీద బతుకుతున్నా, కింది సంగతి వలని బట్టి తెలుసుకోవలసిందే. వల బరువెక్కితే చేప. తేలిగ్గా వచ్చేస్తే ఖాళీ. ఎంత లాగినా రాకుండా బిగుసుకుపోతే రాయి.

ఆ రాయి అంటే మా వాళ్ళకి భయమూ ఉంది, ఆశా ఉంది. దాని మీద పడ్డ వల ముక్కలై వస్తుంది, లేదా రానే రాదు. కానీ దాని పక్కన గేలం దించితే, ఒడ్డు మీద నలుగురూ చుట్టూ మూగి చూసే చేప పడుతుంది. మా బావకి అలాంటి రాయి ఒకటి ఉండేది. బావ అంటే మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అంటాం. సముద్రం మీంచి చూస్తే మహేంద్రగిరి శిఖరం, మా ఊరి చివర ఒంటరిగా ఎదిగిన కొబ్బరిచెట్టు తల ఒకే వరుసలోకి వచ్చే చోటు ఒకటుంది. బారువ లైట్‌హౌస్, సరుగుడు తోట అంచు కలిసే వరుస ఇంకొకటి. రెండు వరుసలూ కలిసిన చోట పడవ నిలబెడితే కింద రాయి ఉన్నట్టే. ఈ గుర్తులు బావ ఎవరికీ చెప్పలేదు.

అప్ప ఇల్లు నడిచింది ఆ రాయి దగ్గర పడ్డ చేపతోనే. ఆమె దాన్ని గంపకెత్తుకుని మందస సంతకీ పలాస బజారుకీ మోసింది. అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు బావ ఆ రాయి గురించి చెప్పేవాడు. కొబ్బరితోటంత పెద్దదని, దానికి కొమ్మలూ రెమ్మలూ ఉంటాయని, చేపలు అందులో గదులు కట్టుకుని కాపురాలు చేస్తాయని. ఆయన మాత్రం ఎప్పుడు చూశాడు? గేలానికి చిక్కుకుని ఎప్పుడైనా ఒక ఎర్రటి పెళుసు ముక్క పైకొచ్చేది. ఆ ముక్క నుంచి మిగతాదంతా ఆయనే కట్టుకున్నాడు. అప్ప నవ్వి, "తాగి సెప్తన్నాడు" అనేది. కానీ చెప్పడం ఆపితే, "మరేటయ్యింది?" అని అడిగేది కూడా ఆమే.

తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టమయ్యాయి. గుర్తు చెట్టు కూడా పడిపోయింది. ఆ తర్వాత బావ చాలా రోజులు వెతికాడు. కొండ ఉంది, లైట్‌హౌస్ ఉంది, రాయి మాత్రం దొరకలేదు. కొన్నాళ్ళకి ఆయనే పోయాడు.

ఈమధ్య అప్పకి టెక్కలిలో ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పిన వారంలోనే అండమాన్ నుంచి మా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. మా తీరం నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడిన వాళ్ళు చాలామంది. చేపల వేటకి వెళ్ళిన మా తమ్ముడు ఇప్పుడు హేవ్‌లాక్ దీవిలో టూరిస్టుల పడవ నడుపుతున్నాడు. వచ్చినవాళ్ళని నీటిలోని పగడాల దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాడు. ఆ రోజు నీటిలో తీసిన బొమ్మలేవో ఫోన్లో చూపించాడు. అప్ప ఫోను లాక్కుని కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇదేటిరా?"

"రాయి అప్పా. బతికున్న రాయి."

అప్ప ఆ బొమ్మలన్నీ మళ్ళీ మొదట్నించీ చూపించమంది. తర్వాత నా వైపు తిరిగి, "ఫోన్లో సూత్తే సూసినట్టా? నన్నట్టుకెల్లు. నా కంటితో నాను సూడాల" అంది.

నేను పలాసలో విలేఖరిగా మొదలై, డెస్క్ మీద కూర్చుని, ఆఖరికి రిటైరైన మనిషిని. ఖాళీగానే ఉన్నాను. మా ఆవిడకి టెక్కలి బస్సే పడదు, సముద్ర ప్రయాణం సంగతి చెప్పక్కర్లేదు. అంచేత అప్ప కన్ను పూర్తిగా నయమయ్యాక నేనూ ఆమే పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, అక్కడ విమానం ఎక్కి, పోర్ట్ బ్లెయిర్‌లో దిగి పెద్ద ఓడలో హేవ్‌లాక్ చేరాం. ఓడ రేవులోకి వస్తుండగా అప్ప రెయిలింగు మీంచి కిందికి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రేవు స్తంభాలు నీటిలోకి ఎంత దూరం దిగాయో అంత దూరమూ కనిపిస్తున్నాయి. వాటి చుట్టూ సన్నటి చేపలు గుంపుగా ఇటు తిరిగి అటు తిరుగుతున్నాయి. నీరు ఉందన్న సంగతి పైన ముడతల వల్లే తెలుస్తోంది.

"ఇది సముద్రమేనేటి?" అంది.

ఇక్కడ మా ఊరి పట్టింపు ఒకటి చెప్పాలి. వేట పడవ నీటిలోకి దిగేముందు దాని ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టి గంగమ్మకి పూజ చేస్తారు. పూజ జరిగిన పడవని ఆ ఇంటి ఆడవాళ్ళు ఎక్కరు. ఎక్కితే సముద్రానికి కోపం వస్తుందని, వేటకి వెళ్ళిన వాళ్ళకి కీడని నమ్మకం. ఊళ్ళో ఈ పట్టింపుని మగవాళ్ళ కంటే గట్టిగా కాపాడింది మా అప్ప. తమ్ముడి భార్య కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకసారి ఎండకి తాళలేక, ఇసక మీద బోర్లించని పడవ అంచున కూర్చుందట. అప్ప వీధి వీధంతా చూస్తుండగా ఆ పిల్ల చేతే పసుపు నీళ్ళు తెప్పించి పడవంతా కడిగించింది. ఆ పిల్ల తర్వాత మొగుడితో అండమాన్ వెళ్ళిపోయింది. ఈత నేర్చుకుంది. ఇప్పుడు మా తమ్ముడి పడవలో ఆడ టూరిస్టులకి తోడుగా వెళ్ళి, వాళ్ళ చెయ్యి పట్టుకుని నీటిలో తిప్పి చూపించేది ఆమే.

మర్నాడు పొద్దున జెట్టీ దగ్గర తమ్ముడి పడవ సిద్ధంగా ఉంది. ముక్కు మీద పసుపు, కుంకుమ, వాడిన బంతి మాల. అప్ప మెట్ల మీదే ఆగిపోయింది.

"దీనికి గంగమ్మ పూజ సేసినావా?"

"సెయ్యకుండా నీట్లోకి దింపుతానేటి?" అన్నాడు తమ్ముడు గర్వంగా.

"అయితే నానెక్కను."

"ఓలప్పా! ఇది వలేసే పడవ కాదు. టూరిస్టులది. రోజూ ఢిల్లీ ఆడోల్లు, బొంబాయి ఆడోల్లు ఎక్కుతారు. ఏటయ్యింది దీనికి?"

"ఆల్లెక్కితే ఆల్లిట్టం. మనింటి ఆడది ఎక్కకూడదు."

మరదలు అప్పటికే పడవలో నిలబడి లైఫ్ జాకెట్లు సర్దుతోంది. తల ఎత్తకుండానే, "నాను మనింటి ఆడదాన్ని కాదేటి వదినా?" అంది.

"నువ్వెప్పుడు నా మాట ఇన్నావు గనక!"

"ఓపాలి ఇన్నాను కదా. ఊరందరికీ గ్యాపకమే."

తమ్ముడు కంగారుగా మధ్యలోకి వచ్చాడు. "నిన్న ఓడెక్కినావు కదప్పా?"

"అది సర్కారోల్ల ఓడ. దానికి పేరుంది గాని బొట్టు నేదు."

"మరెందుకొచ్చినావు? రాయిని నెత్తినెట్టుకుని ఒడ్డుకి అట్టుకురమ్మంటావా?"

అప్ప ముఖం వాడిపోయింది. అంత దూరం వచ్చింది. ఎదురుగా నీరు అద్దంలా ఉంది. రాయి అక్కడెక్కడో ఉంది. అయినా ఆమె కాలు కదపలేదు. ఆ కాలు ఎత్తి పడవలో పెట్టడం ఆమె చేతిలో ఉన్న పని కాదని నాకు అర్థమైంది. ఆమె భయపడుతున్నది తన కోసం కాదు, రోజూ నీటి మీదికి వెళ్ళే తమ్ముడి కోసం.

ఉపాయం మరదలే వెతికింది. జాకెట్లు కింద పడేసి జెట్టీ మీదికి ఎక్కింది. "నడిసెల్లే దారుంది. అడివిలోంచి. అటేపు దిగితే రాయి ఒడ్డుకి దగ్గిరే."

"ఆ బురదలో ముసల్ది నడుత్తాదా?" అన్నాడు తమ్ముడు.

"ముసల్దెవత్తిరా?" అంది అప్ప. అప్పటికే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటోంది.

తమ్ముడు తన టూరిస్టులతో పడవలో వెళ్ళాడు. మేం ముగ్గురం ఆటోలో అడవి మొదలు దాకా వెళ్ళి నడక మొదలుపెట్టాం. బయల్దేరేముందు మరదలు ఒక్క మాట చెప్పింది. "వదినా, ఆ చివర బురదనేల మీద నీరెక్కుతాది. పొద్దు నడినెత్తికొచ్చేలోపు ఎనక్కి రావాల."

"సముద్రం సంగతి నువ్వు నాకు సెప్తావేటే?" అంది అప్ప. నేనూ నవ్వాను. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళం. మా ఊళ్ళో కూడా పోటూ పాటూ ఉంటాయి. అల నాలుగడుగులు ముందుకి వస్తుంది, నాలుగడుగులు వెనక్కి పోతుంది. దానికోసం ఎవరూ పని మానుకోరు.

అడవి ఒక్కసారిగా మొదలైంది. రోడ్డు మీద ఎండ, రెండు మలుపులు తిరిగేసరికి ఎండ లేదు. వెలుతురు ఉంది, కానీ అది ఎక్కడి నుంచో వడకట్టుకుని వచ్చిన ఆకుపచ్చటి వెలుతురు. చెట్లు నిలువుగా, కొమ్మలనేవే లేకుండా చాలా ఎత్తుదాకా పోయి, అక్కడెక్కడో తల విప్పాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా చివర కనిపించలేదు. కీచురాళ్ళ చప్పుడు ఒక చెట్టు దగ్గర ఆగితే ఇంకో చెట్టు అందుకుంటోంది. తడి ఆకుల వాసన, కుళ్ళిన మానుల వాసన, ఎక్కడో పూసిన పువ్వు వాసన అన్నీ కలిసి ముక్కుకి బరువుగా తగిలాయి. తీగలు మనిషి తొడంత లావున ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి వేలాడుతున్నాయి.

అప్పకి తోటలు తెలుసు. ఉద్దానంలో చెట్టంటే ఎవరో ఒకరు నాటింది. కొబ్బరైనా జీడైనా పనసైనా, ఫలానా వాళ్ళ తాత వేశాడని చెప్పుకుంటారు. ఆమె కొంతసేపు నడిచి, "ఇన్ని సెట్లు ఎవులేసినారే?" అని అడిగింది.

"ఎవులూ ఎయ్యనేదు వదినా."

"మరి నీల్లు?"

"ఎవులూ పొయ్యనేదు."

అప్ప ఆగి చుట్టూ చూసింది. అక్కడొక చెట్టు మొదలు దగ్గర వేళ్ళు నేలలోకి పోకుండా పైకి లేచి, చదునైన గోడల్లా నాలుగు వైపులా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కో గోడ మా అప్ప తల కంటే ఎత్తు. రెండు గోడల మధ్య ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు. అప్ప ఆ సందులోకి వెళ్ళి నిలబడి, రెండు చేతులూ చాచి రెండు గోడలనీ ముట్టుకుంది.

"ఇక్కడ తుపానులు రావేటి?"

"వత్తాయి."

"వచ్చినా నిలబడ్డాయా?" అని చెట్టు పైకి చూసింది. తుపాను మర్నాడు మా ఊళ్ళో ఎటు చూసినా ఆకాశమే కనిపించిన సంగతి ఆమె మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. ఆ పొద్దున్న పలాస నుంచి మా ఊరికి వెళ్తుంటే, పడ్డ చెట్ల వల్ల దారి తెలియక నేను పుట్టిన ఊరికి నేనే దారి అడిగాను. ఇప్పుడు ఈ చెట్టు గోడల మధ్య నిలబడి మా అప్ప దాని బెరడు నిమురుతోంటే, తొందరపెట్టాలనిపించలేదు. పేపరు పనిలో ఉండగా 'అద్భుతం' అన్న మాట ఏ వార్తలో కనిపించినా కొట్టేసేవాణ్ణి. చూసింది చెప్పండి చాలు అనేవాణ్ణి. ఆ చెట్టు కింద ఆ మాట తప్ప ఇంకో మాట నోటికి రాలేదు.

దిగుడు మొదలైంది. వేళ్ళే మెట్లు. నేను రెండుసార్లు జారాను. గంప మోసిన కాళ్ళు కాబట్టి అప్ప జారలేదు. చివర అడవి పలచబడి మడచెట్ల నేల వచ్చింది. బురదలోంచి వేళ్ళు వంకరలు తిరిగి పైకి లేచి, మళ్ళీ బురదలోకి దిగుతున్నాయి. వాటి మధ్య నుంచి పిక్కల లోతు బురదలో నడిచి బయటపడగానే సముద్రం.

ఒడ్డు మీద మోడులు తెల్లగా నిలబడి ఉన్నాయి. సునామీ తర్వాత నేల కుంగి, ఉప్పునీరు తగిలి చచ్చిన చెట్లట. వాటి వెనక నీరు మూడు రంగుల్లో ఉంది. ఒడ్డున రంగే లేదు. కొంచెం అవతల లేత పచ్చ. ఆపైన, కత్తితో గీసినట్టు ఒక గీత దాటగానే ముదురు నీలం.

మరదలు వెంట మోసుకొచ్చిన మూట విప్పి అప్పకి జాకెట్టు తొడిగి, కళ్ళకీ ముక్కుకీ కలిపి అద్దం బిగించి, నోట్లో గొట్టం పెట్టింది.

"నోటితో ఊపిరి తియ్యి వదినా."

అప్ప గొట్టం పీకేసి, "నోటితో ఊపిరి తియ్యడానికి నానేటి సేపనా?" అంది.

"సేప నోటితోనే తీత్తాది. నువ్వూ అలాగే తియ్యి."

"నలబై ఏల్లు సేపలమ్మినాను, నాకు సెప్తంది."

అయినా పెట్టుకుంది. మోకాలి లోతులో కూర్చుని ముఖం నీటిలో పెట్టి, వెంటనే తీసి దగ్గి, మళ్ళీ పెట్టింది. కొంతసేపటికి లేచింది. కింద విరిగిన పగడాల ముక్కలు బూడిద రంగులో గుట్టగా పడి ఉన్నాయి.

"ఇదేనేటి రాయి? ఈ పెంకుల కోసమా ఇంత దూరం వచ్చింది?"

"ఇది సచ్చిపోయింది వదినా. బతికున్నది ఆ నీలం కాడుంది. కాల్లందవు. ఈ రింగట్టుకో, నాను లాక్కెల్తాను."

కాళ్ళందవు అన్న మాట విని నేను అప్ప వంక చూశాను. ఆమె ఈత ఎరుగదు. ఎప్పుడూ సముద్రంలోకి తొడల లోతు దాటి వెళ్ళలేదు. ఒక్క క్షణం మరదలి ముఖంలోకి చూసి రబ్బరు రింగులో చేతులు దూర్చింది. మరదలు తాడు నడుముకి కట్టుకుని ఈదింది. నేను ఇంకో రింగు పట్టుకుని వాళ్ళ పక్కన తేలాను. మా ఊరి పక్క వాగులో నేర్చుకున్న ఈత నాది.

మొదట చెవులకి తెలిసింది. ముఖం నీటిలో పెట్టగానే బయటి సముద్రం హోరు ఆగిపోయి, చిటపట చిటపటమని చప్పుడు. తాలింపులో ఆవాలు పడ్డట్టు. అది ఏ ఒక్క చోటి నుంచీ రావడం లేదు. కింద ఉన్నదంతా చప్పుడు చేస్తోంది.

తర్వాత కళ్ళకి. తెల్లటి ఇసక నేల మెల్లగా వాలుతూ పోయి, ఉన్నట్టుండి రాయి మొదలైంది. రాయి అనడం మా అలవాటు. అది రాయిలా లేదు. జింక కొమ్ముల్లాంటివి వేలకి వేలు, వాటి చివరలు లేత నీలం. పక్కన బండి చక్రమంత పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. గుండ్రటి బండలు, వాటి మీద మెదడు మీద ఉన్నట్టు మెలికలు. నేరేడు పండు రంగు, పసుపు రంగు, పనసతొన రంగు, ఇటుక రంగు. ప్రతి సందులోనూ ఎవరో ఉన్నారు. ఒక చేప ముక్కు బయటపెట్టి చూసి లోపలికి పోయింది. ఒక పెద్ద ఆల్చిప్ప, బిందె అంత, తెరుచుకుని ఉంది. దాని పెదవులు నెమలి పింఛం రంగు. మా నీడ దాని మీద పడగానే పెదవులు ముడుచుకుంది.

చేపలు మమ్మల్ని లెక్కచెయ్యలేదు. పచ్చటి చేపల మంద ఒకటి వచ్చి రాయిని పళ్ళతో కొరుకుతోంటే, బఠాణీలు నమిలినట్టు కరకర చప్పుడు మాకు వినిపించింది. చారల చేపలు జంటలు జంటలుగా వెళ్తున్నాయి. చిన్న నీలం చేపలు ఒక కొమ్ముగుట్ట మీద పొగలా తేలి, మేం దగ్గరికి రాగానే అన్నీ ఒక్కసారే కొమ్మల్లోకి ఇంకిపోయాయి. కాస్త దూరం పోగానే మళ్ళీ లేచాయి. ఇదంతా ఎవరో చూస్తారని పెట్టినది కాదు. మేం రాకముందూ ఇలాగే ఉంది, పోయాకా ఇలాగే ఉంటుంది.

ఎంతసేపయిందో. అప్ప తల ఎత్తి గొట్టం తీసింది. అద్దం లోపల కళ్ళు పెద్దవై ఉన్నాయి.

"ఒరే. ఇయి నిలబడి తిరుగుతాయిరా."

నాకు అర్థం కాలేదు.

"సేపలు. నా గంపలో ఎప్పుడూ పక్కకి పడుకునే ఉన్నాయి. నిలబడి తిరిగే సేపని నాను సూణ్ణేదు. సచ్చాక రంగు పోతాదని తెలుసు గాని, ఇంత పోతాదని తెల్దురా." ఊపిరి పీల్చుకుంది. "మీ బావ కోతలు కోత్తన్నాడనుకున్నాను. మీ బావ తక్కువ సెప్పినాడురా."

మరదలు రింగు పట్టుకుని పక్కనే తేలుతోంది. "ఇంకా సూత్తావా వదినా? పొద్దెక్కింది. ఎల్లిపోవాల."

"ఉండే. ఇంకాసేపు."

"నీరెక్కుతాది."

"ఎక్కనీ. సముద్రమెక్కడికి పోతాది?"

మళ్ళీ ముఖం నీటిలో పెట్టేసింది. నేనూ పెట్టేశాను. మరదలు పొద్దు వంక ఒకసారి చూసింది. తాడు లాగుతూ మమ్మల్ని రాయి అంచు దాకా తీసుకెళ్ళింది. అక్కడ రాయి గోడలా తెగి కిందికి పోయింది. దాని అవతల అంతా నీలం. అందులోకి ఎండ కర్రల్లా దిగి, కదిలి, ఎక్కడో ఆగిపోతోంది. అప్ప అక్కడ కదలకుండా ఉండిపోయింది. నేను ఒక చారల చేప జంట వెనక కొంచెం దూరం పోయి, మళ్ళీ వచ్చేసరికి కూడా అలాగే ఉంది.

ఒడ్డుకి వచ్చేసరికి ఒడ్డు మారిపోయింది. పొద్దున్న ఇసకలో నిలబడ్డ మోడులు ఇప్పుడు నీటిలో ఉన్నాయి. మేం విప్పిన చెప్పులు తేలుతుంటే ఏరుకున్నాం. మడచెట్ల వైపు వెళ్ళాం. వేళ్ళు లేవు, బురద లేదు, దారి లేదు. చెట్ల ఆకులు మాత్రం నీటి మీద ఉన్నాయి. ఆకుల కింద నీరు మెల్లగా, చప్పుడు లేకుండా అడవిలోకి వెళ్తూనే ఉంది.

"దారేది?" అంది అప్ప.

నేను ఇటే కదా వచ్చామని చెయ్యి చూపించి, ఆ చెయ్యి అలాగే దించేశాను. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన ఇద్దరం బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం.

"సముద్రం ఇంతలా లేత్తాదేటే?"

"ఇక్కడ లేత్తాది వదినా."

"సెప్పినావు. నానిన్నేదు." అప్ప ఆ మాట మామూలుగానే అంది. మరదలు ఆమె వైపు చూసి, ఆమె తడి చీర కొంగు పిండింది.

మళ్ళీ నీరు తీసేదాకా ఆగితే సాయంత్రమైపోతుంది. అడవిలో చీకటి ముందే పడుతుంది. ఇంతలో తమ్ముడి పడవ వచ్చింది. టూరిస్టులని దింపేసి, మేం కనిపించకపోయేసరికి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. పడవ ముక్కు ఇసకకి ఆనించి ఇంజిన్ ఆపాడు. ఎక్కమని అనలేదు.

అప్ప మోకాలి లోతు నీటిలో నిలబడి పడవ ముక్కు మీది బొట్టు వంక చూసింది.

"ఒరే, నానెక్కినాక రేపు నీకేదైనా అయితే?"

"నీ మరదలు రోజూ ఎక్కుతాది కదప్పా. నాకేటయ్యింది?"

అప్ప మరదలి వైపు తిరిగింది. "ఏటే, నిజంగా ఏటీ అవ్వనేదా?"

మరదలు ఆలోచించింది. "ఓపాలి నడిసముద్రంలో ఇంజినాగిపోనాది."

"సూసినావా!"

"మీ తమ్ముడు డీజిలు పొయ్యడం మర్సిపోనాడు."

తమ్ముడు సిగ్గుపడి, "ఆ సంగతి ఇప్పుడెందుకే" అన్నాడు. అప్ప ముందు నవ్వలేదు. తర్వాత ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే చెయ్యి చాచింది. తమ్ముడి వైపు కాదు, మరదలి వైపు.

"నువ్వు ముందెక్కు. నాకు సెయ్యియ్యి."

మరదలు ఎక్కి చెయ్యి అందించింది. అప్ప కాలెత్తి అంచు మీద పెట్టింది, ఒక్క క్షణం ఆగింది. గంగమ్మని తలుచుకుందో, బావని తలుచుకుందో, నేను అడగలేదు. రెండో కాలు కూడా నీటిలోంచి తీసింది. మధ్య బల్ల మీద కూర్చుని రెండు చేతులతో అంచులు పట్టుకుంది. పడవ కదిలింది. ఏమీ కాలేదు. కొంతదూరం పోయాక ఒక చెయ్యి వదిలింది. ఆపైన రెండోది కూడా వదిలింది, ఎందుకంటే చెప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

"ఒరే తమ్ముడూ, ఆ రాయికి కొమ్ములుంటాయిరా. జింక కొమ్ముల్లాటియి. కొసలు నీలం."

"నాకు తెల్దా అప్పా? రోజూ సూ..." అంటుండగా మరదలు వాడి మోకాలి మీద ఒక్కటి వేసింది. తమ్ముడు నోరు మూసుకున్నాడు. ఆ రాయి దగ్గరికి ఎన్ని వందల మందిని తీసుకెళ్ళాడో తెలియదు. ఇప్పుడు తల ఊపుతూ, "అలగా? ఆపైనేటి సూసినావు?" అని అడిగాడు. ఇంజిన్ వేగం తగ్గించాడు. పావుగంటలో పోయే దారి. మేం ఎంతసేపు పోయామో ఎవరూ చూసుకోలేదు.

అప్ప వరసగా చెప్పుకొచ్చింది. ఏ చేప ఏ గదిలోంచి వచ్చింది, ఏది దేన్ని తరిమింది, ఏది ఇసకలో దూరి కళ్ళు మాత్రం బయటపెట్టింది. ఒక్క చేపని కూడా వదిలిపెట్టలేదు. నేను చూసినవే చాలావరకు. కానీ ఆమె చెబుతుంటే నేను సగమే చూశాననిపించింది.

జెట్టీ వచ్చింది. తమ్ముడు తాడు విసిరి కట్టాడు. మెట్ల మీద మధ్యాహ్నపు ట్రిప్పుకి టూరిస్టులు నిలబడి ఉన్నారు. మరదలు జాకెట్లు పోగుచేసి నిలబడింది.

"దిగప్పా. జనం ఎదురుసూత్తన్నారు."

"ఉండరా," అంది అప్ప, బల్ల మీంచి కదలకుండా. "ఇంకా ఆ అంచు కాడికే రానేదు. అక్కడ నీలంలోంచి ఓ టేకు సేప లేసొచ్చిందిరా. మన చాపంత, పల్చగా, కొరడా తోకతో. రెక్కలాడించుకుంటూ సరిగ్గా నా కిందికొచ్చి నిలబడ్డాది."

టేకు చేపని నేను చూడలేదు. దిగుదామని లేచినవాణ్ణి, మళ్ళీ కూర్చున్నాను.